ఊరి బడికి ట్యాబ్‌లు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రభుత్వ పాఠశాలలోని పిల్లలందరికీ ట్యాబ్‌లు కొనివ్వడం మంచిదేనా అన్న విషయంపై నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో కొన్నింటిని ఎంచుకొని ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 6 నుంచి 10వ తరగతి వరకు 180 మంది చదువుతున్నారు. అక్కడే చదువుకొని ఇప్పుడు హైదరాబాద్‌లోను, విదేశాల్లోను ఉద్యోగాలు చేస్తున్న మేము కొందరం చందాలు వేసుకొని, ఒక్కొక్కటి రూ.12 వేల చొప్పున ప్రతి విద్యార్థికి ఒక ట్యాబ్ కొని ఇంటికి ఇచ్చి పంపాలని అనుకుంటున్నాము. ఇది సరైన నిర్ణయమేనా?
– పూర్వ విద్యార్థుల సంఘం సభ్యుడు, దేవరకొండ

జవాబు: చదువు చెప్పిన బడిని మరచిపోని మీ అందరికీ మా నమస్కారాలు. అయితే ఆ సొమ్మును ఈ రూపంలో ఖర్చు చేయవద్దన్నది మా సలహా. మొదట 45 ట్యాబ్‌లు మాత్రమే కొనండి. వాటిని పిల్లల ఇళ్లకు పంపకుండా బడిలోనే ఉంచి, ప్రతి తరగతికి వారంలో కొన్ని పీరియడ్లు కేటాయించండి. తరగతిలో 40 మంది ఉన్నారనుకున్నా ఆ పీరియడ్‌లో ఒక్కొక్కరి చేతికి ఒకటి వస్తుంది, మరమ్మతుకు వెళ్లిన వాటి స్థానంలో ఇవ్వడానికి అయిదు మిగులుతాయి. మీరు చెప్పిన ధర ప్రకారం 180 ట్యాబ్‌లకు రూ.21.60 లక్షలు కావాలి, 45కు రూ.5.40 లక్షలు సరిపోతాయి. మిగిలిన రూ.16.20 లక్షల్లో కొంత వైరింగ్‌కు, తాళం వేసే బీరువాకు, పాఠాలు నిలువ చేసే చిన్న సర్వర్‌కు ఖర్చుపెట్టి, కొంత బ్యాంకులో వేసి ఏటా మరమ్మతులకు వాడుకోవచ్చు. ఇంకా మిగిలితే ఆ తరగతుల్లో సార్లకు తోడుగా ఉండే ఒక చదువుకున్న యువతికో యువకుడికో నెలనెలా గౌరవ వేతనం ఇవ్వండి. ఆ ఒక్క మనిషి వల్ల కలిగే మేలు వంద ట్యాబ్‌ల వల్ల కలగదని మేము గట్టిగా నమ్ముతున్నాము.

ఇలా చెప్పడానికి కారణాలున్నాయి. ప్రతి పిల్లవాడి చేతికీ ఒక చవక కంప్యూటర్ ఇస్తే చదువు దానంతట అదే సాగుతుందన్న ఆశతో 2005లో అమెరికాలో నికొలస్ నెగ్రపాంటి ఒక ఉద్యమం ప్రారంభించగా, దక్షిణ అమెరికాలోని పెరూ దేశం లక్షల సంఖ్యలో ఆ ల్యాప్‌టాప్‌లను కొని గ్రామీణ పాఠశాలలకు పంచింది. 319 పాఠశాలల్లో సుమారు 15 నెలల తరువాత జరిపిన పరిశీలన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పిల్లలు కంప్యూటర్ వాడటం నేర్చుకున్నారు, సాధారణ ఆలోచనా సామర్థ్యాన్ని కొలిచే పరీక్షల్లో కొంత మెరుగుదల కనిపించింది. గణితంలో, భాషలో మాత్రం చెప్పుకోదగిన మార్పు రాలేదు. పేద దేశం కాబట్టి అలా జరిగిందని అనుకోవడానికి వీల్లేదు. 2013లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగర పాఠశాలలు విద్యార్థులందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వడం మొదలుపెడితే, కొద్ది వారాల్లోనే పిల్లలు వాటి తాళాలు తప్పించి ఇతర వెబ్‌సైట్లకు వెళ్లగలిగారు. చివరికి ఆ భారీ పథకమే ఆగిపోయింది.

మన దగ్గరి అనుభవం మీకూ గుర్తుండే ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5 వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబ్‌లు వచ్చాయి, నేర్పడానికి బోధకులూ వచ్చారు. అయిదేళ్ల ఒప్పందం ముగియగానే బోధకులు వెళ్లిపోయారు, ఆ తరువాత ఎన్నో బడుల్లో కంప్యూటర్లు తాళం వేసిన గదుల్లో మూలనపడ్డాయి. ఆ యంత్రాలు చెడ్డవి కావు. వాటిని చూసుకునే మనిషి, మరమ్మతుకు డబ్బు, టైంటేబుల్‌లో చోటు లేకపోవడం వల్ల అవి నిరుపయోగమయ్యాయి. మీ ట్యాబ్‌లకు అదే గతి పట్టకూడదన్నదే మా తపన.

ఇక ఇళ్లకు పంపే విషయం. ప్రథమ్ సంస్థ గ్రామాల్లో జరిపే ‘అసర్’ విద్యా సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలోని 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వారిలో సర్వేకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలు చూసినవారు 76 శాతం. అంటే తెరను వాడటం మన పిల్లలకు కొత్త కాదు. చదువు కోసం, పక్కన ఒక పెద్దమనిషి ఉండగా, ఒక పద్ధతి ప్రకారం వాడే సమయమే వారికి దొరకడం లేదు. ఆ సమయాన్ని బడి మాత్రమే ఇవ్వగలదు. ఒక సంవత్సరం ఇలా నడిచి, సార్లు ఇంకా కావాలని అడిగిన రోజున మరో 45 కొనండి.

ప్రశ్న: నేను గణితం బోధిస్తాను. మా ఎనిమిదో తరగతిలో మూడింట ఒక వంతు పిల్లలకు భాగహారం రాదు. సరిహద్దు ప్రాంతం కావడంతో కొందరి ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. ఒక దాత మా బడికి ట్యాబ్‌లు ఇస్తామంటున్నారు. సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలని మాకు ఇవి భారం కావా?
– ఉపాధ్యాయురాలు, నారాయణపేట

జవాబు: ట్యాబ్‌ల విషయంలో మేము నిజంగా ఆశ పెట్టుకున్న చోటు మీరు చెప్పిన ఆ మూడింట ఒక వంతు పిల్లల దగ్గరే ఉంది టీచర్ గారూ. నలభై మంది ఉన్న తరగతిలో ఒకరికి కూడికలు, ఒకరికి భాగహారం, ఇంకొకరికి బీజగణితం ఒకే గంటలో చెప్పడం ఏ ఉపాధ్యాయురాలికీ సాధ్యం కాదు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో గుర్తించి, అక్కడి నుంచే లెక్కలు ఇస్తూ, తప్పు చేసినప్పుడు ఆ తప్పుకు తగిన వివరణ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఆ పనిలో మీకు తోడ్పడగలదు.

దీనికి మన దేశంలోనే ఆధారం ఉంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అనే ఆర్థికవేత్తలు ఢిల్లీలో 619 మంది విద్యార్థులతో జరిపిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. బడి అయిపోయిన తరువాత ఒక కేంద్రానికి వచ్చిన పిల్లలు 45 నిమిషాలు మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఎవరి స్థాయిలో వారు అభ్యాసం చేసేవారు, మరో 45 నిమిషాలు చిన్న బృందాలుగా ఒక సహాయకుడి దగ్గర కూర్చునేవారు. నాలుగున్నర నెలల్లోనే వారు గణితంలోను, హిందీలోను ఇతర పిల్లలకంటే స్పష్టంగా ముందుకు వెళ్లారు. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని కూడా ఆ పరిశీలనలో తేలింది. అక్కడ పరికరాలను ఎవరికీ ఇంటికి ఇవ్వలేదని, పక్కన మనిషి ఉన్నాడని గమనించండి. పెరూకు, ఢిల్లీకి తేడా అక్కడే ఉందని మా అభిప్రాయం.

కాబట్టి దాతను రెండు కోరండి. పిల్లలకు ఇచ్చే ముందు ఒక టర్మ్ పాటు మీ ఉపాధ్యాయులకు మాత్రమే తలా ఒక ట్యాబ్ ఇవ్వమనండి. సాఫ్ట్‌వేర్‌లోని లెక్కలను మీరే చేసి చూడండి, మన రాష్ట్ర పాఠ్యపుస్తకంలోని పదాలతో అది మాట్లాడుతున్నదో లేదో పరిశీలించండి. ‘కసాగు’, ‘గసాభా’ అని నేర్చుకున్న పిల్లవాడికి తెర మీద మరో మాట కనిపిస్తే లెక్క వచ్చి కూడా తప్పు చేస్తాడు. కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలకు, తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలకు వాక్యాలతో నిండిన లెక్కలకంటే బొమ్మలతో, సంఖ్యారేఖతో మొదలయ్యేవి మేలు. రాష్ట్రంలో 2022–23 నుంచి తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉన్న పుస్తకాలు వచ్చాయి కదా. అలా రెండు భాషల్లో మార్చుకొని చూసే వీలు సాఫ్ట్‌వేర్‌లోనూ ఉందేమో అడగండి. రెండో కోరిక, వారానికి రెండు పీరియడ్లకు మించి వాడమని ఒత్తిడి చేయవద్దని. మిగిలిన గంటల్లో నల్లబల్ల, నోటుపుస్తకం, మీ గొంతు ఉండాల్సిందే.

సిలబస్ మాట అంటారా, భాగహారం రాని పిల్లవాడి ముందు బీజగణితం పూర్తయినట్లు రాసుకోవడం వల్ల ఎవరికీ లాభం లేదని మీకు మేము చెప్పనవసరం లేదు.

ప్రశ్న: మా పాఠశాల నల్లమల అంచున ఉంది. సిగ్నల్ ఒక రోజు ఉంటే ఒక రోజు ఉండదు, కరెంటు కూడా అంతే. ఎండాకాలం రేకుల గదులు కాలిపోతుంటాయి. ఇలాంటి చోట ట్యాబ్‌లు నడుస్తాయా? కొనేటప్పుడు ఏమి చూడాలి?
– ప్రధానోపాధ్యాయుడు, అచ్చంపేట

జవాబు: నడుస్తాయి సార్, అయితే ఇంటర్నెట్ లేదనుకొనే మొత్తం ఏర్పాటు చేసుకోవాలి. సిగ్నల్ బాగున్న పట్టణంలో కూడా ఒకే తరగతిలో 40 మంది ఒకేసారి వీడియో చూస్తే, ఒక్కొక్కరికి ఒక ఎంబీపీఎస్ చొప్పున 40 ఎంబీపీఎస్ వేగం నిలకడగా అందాలి. మన బడుల్లో అది దొరకడం కష్టం. దానికి బదులు రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌కు ఒక డిస్కు, ఒక మంచి వైఫై రూటర్ జోడిస్తే అదే మీ బడి సర్వర్ అవుతుంది. పాఠాలు, వీడియోలు, అభ్యాసాలు అందులో నింపుకుంటే ట్యాబ్‌లు బయటి ఇంటర్నెట్ లేకుండానే వాటిని తీసుకుంటాయి. కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకోసమే ఉంది. కివిక్స్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. నెలకోసారి అచ్చంపేటకో నాగర్‌కర్నూల్‌కో వెళ్లినప్పుడు డిస్కులో కొత్త పాఠాలు చేర్చుకొని వస్తే చాలు. బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేని సర్వర్ కాబట్టి పిల్లలు అనవసరమైన సైట్లకు వెళ్లే భయం కూడా చాలావరకు తగ్గుతుంది.

చార్జింగ్‌కు మీరు భయపడినంత కరెంటు పట్టదు. ఒక్కొక్క చార్జర్ 10 వాట్లు తీసుకున్నా 45 చార్జర్లకు 450 వాట్లు, ఒక మిక్సీకి మించదు. కష్టం వేడితోనే. చాలా ట్యాబ్‌లు 35 డిగ్రీల లోపు పరిసరాల్లో వాడేందుకు తయారైనవి. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటడం మామూలే. మూసిన ఇనుప బీరువాలో అన్నింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి చార్జింగ్ పెట్టడం ప్రమాదకరం. గాలి ఆడే అరలు, విడివిడి ప్లగ్గులు, ఎక్కువ కరెంటు పారితే దానంతట అదే ఆపేసే ఎంసీబీ స్విచ్ ఉన్న ప్రత్యేక వైరింగ్ తప్పనిసరి. రాత్రంతా వదిలేయకుండా, పగలు మనుషులున్నప్పుడే చార్జింగ్ పెట్టండి. వేసవి సెలవులకు ముందు బ్యాటరీని సగం వరకు చార్జ్ చేసి, పూర్తిగా స్విచాఫ్ చేసి, స్లాబు ఉన్న గదిలో నీడపట్టున ఉంచండి. సున్నాకు దిగిన బ్యాటరీని నెలన్నర వదిలేస్తే జూన్‌లో అది లేవకపోవచ్చు.

కొనేటప్పుడు ధరకంటే ముందు తెర చూడండి. ఏడంగుళాల తెర మీద మన పాఠ్యపుస్తకం పేజీ తెరిస్తే వత్తులు, గుడులు కలిసిపోయి పిల్లలు కళ్లు చిట్లించుకోవాల్సి వస్తుంది. పదంగుళాలది తీసుకోండి. నాలుగు జీబీ ర్యామ్‌కు తక్కువ వద్దు. 2011లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ఆర్భాటంగా తెచ్చిన ఆకాశ్ ట్యాబ్ చవకే, కానీ మందకొడి తెర వల్ల, త్వరగా అయిపోయే బ్యాటరీ వల్ల అది పిల్లల చేతుల్లో నిలవలేదు. ఎన్ని సంవత్సరాలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో, మహబూబ్‌నగర్‌లోనో హైదరాబాద్‌లోనో సర్వీస్ కేంద్రం ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. లిథియం బ్యాటరీ సుమారు 500 పూర్తి చార్జింగ్‌ల తరువాత బలం తగ్గుతుంది కాబట్టి రోజూ వాడితే మూడో సంవత్సరానికే బ్యాటరీలు మార్చే ఖర్చు వస్తుంది.

పాఠాల విషయంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు బైజూస్ అనే ప్రైవేటు విద్యా సంస్థ పాఠాలున్న ట్యాబ్‌లను 5 లక్షలకు పైగా పంచింది. ఆ సంస్థ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. ఒకే సంస్థ పాఠాల మీద పూర్తిగా ఆధారపడితే, ఆ సంస్థ తడబడినప్పుడు కొత్త సిలబస్‌కు తగిన మార్పులు చేసేవారు ఉండరు. కాబట్టి ఎవరి దగ్గర కొన్నా, ఇతర పాఠాలను కూడా చేర్చుకునే స్వేచ్ఛ బడికి ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి చదివే ప్రైవేటు పాఠశాలలో వచ్చే ఏడాది నుంచి ట్యాబ్ తప్పనిసరి అన్నారు, డబ్బు మేమే కట్టాలి. కళ్లు పాడవుతాయేమో అని, అమ్మాయి వివరాలు ఎవరికి పోతాయో అని నాకు దిగులుగా ఉంది.
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, మీ దిగులు న్యాయమైనది. డబ్బు కట్టే ముందు మూడు విషయాలు కాగితం మీద అడగండి: రోజుకు ఎన్ని గంటలు తెర ముందు ఉంచుతారు, పాఠ్యపుస్తకాలు కూడా ఇస్తారా, బడి మారితే ట్యాబ్ మీదేనా. 2023లో స్వీడన్ వంటి సంపన్న దేశమే తరగతుల్లో అచ్చు పుస్తకాలను తిరిగి పెంచడానికి నిధులు కేటాయించింది. కాబట్టి పుస్తకం కావాలని అడగడానికి మీరు ఏమాత్రం మొహమాటపడనక్కరలేదు.

కళ్ల గురించి వైద్యులు చెప్పేది సులభమైనది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి, రోజూ ఆరుబయట ఆడుకోవాలి. వెలుతురులో బయట గడపడం హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనిపించడం) వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. వివరాల విషయానికి వస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులు ఉన్నా, యాప్ ఏ వివరాలు సేకరిస్తుందో చెప్పమని మీరు తప్పక అడగవచ్చు. ట్యాబ్ ద్వారా ఎవరైనా అమ్మాయిని వేధిస్తే 1098కి, డబ్బు మోసమైతే 1930కి వెంటనే ఫోన్ చేయండి, అమ్మాయిని కోప్పడకండి.

ప్రశ్న: మేము పంటలు లేని నెలల్లో పనికి పోతాము. పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. బడిలో ట్యాబ్ ఇస్తారట, పగిలితే మేము కట్టాలని సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా?
– ఒక తండ్రి, మహబూబ్‌నగర్ జిల్లా (పొరుగింటి పిల్లవాడు రాసిపెట్టినది)

జవాబు: అన్నా, సంతకం పెట్టవద్దు. రోజు కూలీ మీద బతికే ఇంటి మీద పన్నెండు వేల రూపాయల బాధ్యత మోపడం అన్యాయం, ఆ భయంతో పిల్లవాడు దాన్ని ముట్టుకోవడానికే జంకుతాడు. పగిలినవి బాగుచేయించే బాధ్యత బడిది, దాతలది. కొనేటప్పుడే పదింటికి ఒకటి పాడవుతుందని లెక్కవేసుకోవాలి. మీ ఉత్తరాన్ని చూపించి ప్రధానోపాధ్యాయుడితో, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీతో మాట్లాడండి.

ట్యాబ్‌లు పంచే పెద్దలకు కూడా ఈ ఉత్తరం సందర్భంగా ఒక మాట. పాలమూరు నుంచి వలస పోయే కుటుంబాల పిల్లలు, గద్వాల వైపు పత్తి విత్తనాల క్రాసింగ్ పనికి బడి మానే పిల్లలు తిరిగి వచ్చాక ఎక్కడ వదిలారో అక్కడి నుంచి అందుకోవడానికి ఈ పరికరాలు మొదట పనికిరావాలి. హాజరు బాగున్న పిల్లలకే ముందు ఇవ్వడం ఎంతమాత్రం సరి కాదు.

ప్రశ్న: మా బడికి ట్యాబ్‌లు వచ్చాయి. వీడియోలు చూడటం తప్ప వాటితో ఇంకేం చేయవచ్చు?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: చిరంజీవి, నీ ప్రశ్న మాకు చాలా సంతోషం కలిగించింది. మొదట తెలుగులో టైప్ చేయడం నేర్చుకో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటు పడకముందే. రోజూ ఒక పేరా టైప్ చేస్తే నెలలో చేయి అలవాటవుతుంది. ఆ తరువాత మీ ఊరి వాన లెక్కలు, బోర్ల లోతులు, కందనూలు (నాగర్‌కర్నూల్) సంతలో కూరగాయల ధరలు ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసి గ్రాఫ్ గీయి, సాంఘిక శాస్త్రం సార్‌కు చూపించు. నల్లగొండ జిల్లాలో ఉన్న నీ ఈడు పిల్లలకైతే మర్రిగూడ, నాంపల్లి ప్రాంతాల నీటిలో ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువో తెలుసుకొని, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అన్న పరిమితితో తమ ఊరి నీటి పరీక్ష ఫలితాలను పోల్చి చూడమని చెబుతాము. మీ తాతనో అవ్వనో అడిగి పాత వ్యవసాయ పనిముట్ల పేర్లు, పాటలు రికార్డు చేసి రాసిపెట్టు. మీ ఊరి గురించి తెలుగు వికీపీడియాలో వ్యాసం ఉందేమో చూడు, ఉంటే అందులో తప్పులు సరిదిద్దు, రాసిన ప్రతి వాక్యానికి ఆధారం చూపించు.

ప్రశ్న: పాఠశాలలో పాడైపోయిన ట్యాబ్‌లను ఏం చేయాలి? తుక్కు వాళ్లకు ఇవ్వవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: ఇవ్వకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే అప్పగించాలి. ముందుగా పిల్లల ఫొటోలు, వివరాలు పూర్తిగా తుడిచివేసి, స్టాకు రిజిస్టరులో రాసుకొని, అధికారుల అనుమతితో తొలగించండి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ట్యాబ్‌ను చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, పిల్లలకు అందనీయకండి. దాన్ని వేరుగా, మండే వస్తువులకు దూరంగా ఉంచి వీలైనంత త్వరగా అప్పగించండి.